పడ్డచోటే వెతకొద్దమ్మాయ్

అమ్మాయ్,

ఫోనులో నువ్వు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మీ కంపెనీ సొంత భాష కోసం రాసుకున్న వర్చువల్ మెషిన్‌లో ఎక్సెప్షన్ వచ్చిన ప్రతిసారీ కాదు గానీ, కొన్నిసార్లు, అదీ కాసేపు గడిచాక, గార్బేజ్ కలెక్టర్ కూలిపోతోంది. కలెక్టర్ రాసినవాళ్లు తప్పు మాది కాదంటున్నారు. నువ్వేమో వాళ్ల కోడ్‌లోనే తలదూర్చి రాత్రీ పగలూ కూర్చున్నావు. వాళ్ల మాట నమ్ము తల్లీ. కలెక్టర్ పాడైపోయిన వస్తువును చూసి అరిచింది, అంతే. పాడుచేసిన చెయ్యి వేరే ఎక్కడో ఉంది, అదీ చాలాసేపటి కిందట.

ఇదంతా ఫోనులో చెప్పడం కుదరదు. మీ అత్తయ్య పక్కన కూర్చుని "పిల్ల తిన్నదో లేదో అడగండి ముందు" అంటూ ఉంటుంది. అందుకే రాస్తున్నా. తిన్నావు కదా? సరే.

ఎక్సెప్షన్ల పాఠం నువ్వెక్కడ నేర్చుకున్నావో నాకు తెలుసు. నరసరావుపేటలో ఇంజినీరింగ్ అవగానే అందరిలాగే నువ్వూ అమీర్‌పేట బస్సెక్కావు. మైత్రీవనం చుట్టుపక్కల ఆ కిక్కిరిసిన గదుల్లో జావా చెప్పే సార్లను నేను తక్కువ చెయ్యను. వినుకొండ, మాచర్ల, గురజాల నుంచి వెళ్లిన ఎంతమంది పిల్లలకు ఆ పాఠాలు అన్నం పెట్టాయో లెక్కలేదు. కాకపోతే వాళ్లు చెప్పేది ఇంటర్వ్యూ గట్టెక్కడానికి. త్రోకీ త్రోస్‌కీ తేడా ఏమిటి, ఫైనల్, ఫైనల్లీ, ఫైనలైజ్ ఎలా వేరు, చెక్డ్ ఏది, అన్‌చెక్డ్ ఏది. అది భాషను వాడేవాడి చదువు. ఇప్పుడు నువ్వు ఆ భాషను నడిపే యంత్రం లోపలికి వచ్చావు. అక్కడ ఒకడు త్రో అని రాసి చేతులు దులుపుకుంటాడు. ఆ తర్వాత జరగాల్సిన పని మొత్తం నీది.

ఆ పనేమిటో నెమ్మదిగా చెప్పుకుందాం. ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ ఒక ఇన్‌స్ట్రక్షన్ దగ్గర దెబ్బతింది. యంత్రం ఆగి మూడు సంగతులు తేల్చుకోవాలి. నేనిప్పుడు ఎక్కడున్నాను? ఇక్కడ దెబ్బతింటే ఎక్కడికి పొమ్మన్నారు? పోయేముందు ఏమేం సర్దిపెట్టాలి? నేను ఈ రంగంలో చూసిన బగ్గుల్లో ఎక్కువ భాగం ఈ మూడింటిలో ఏదో ఒకదానికి తప్పు జవాబు దొరకడం వల్ల వచ్చినవే. రెండో దానికి జవాబు ఒక పట్టికలో ఉంటుంది. మీ టీమ్‌లో దాన్ని తెరిచి చూసినవాళ్లు ఎంతమందో నాకు అనుమానమే కాబట్టి అక్కడే మొదలుపెడతా.

జావా యంత్రాన్నే చూడు, నీకు అలవాటైనది. ట్రై ఉన్న ప్రతి మెథడ్ వెంట ఒక ఎక్సెప్షన్ టేబుల్ ఉంటుంది. వరుసకు నాలుగు అంకెలు. కాపలా ఏ బైటు దగ్గర మొదలు, ఏ బైటు దగ్గర ముగింపు, దెబ్బతింటే ఎక్కడికి దూకాలి, ఏ రకం ఎక్సెప్షన్‌కి. నాలుగో అంకె సున్నా అయితే ఏ రకమైనా సరేనని అర్థం. ఫైనల్లీ బతికేది ఆ సున్నా మీదే. ట్రై లోపలికి అడుగుపెట్టేటప్పుడు యంత్రం ఏ పనీ చెయ్యదు. ఎక్సెప్షన్ వచ్చినప్పుడే పట్టిక తీసి పైనుంచి కిందికి చదువుతుంది. సరిపోయిన మొదటి వరుస దొరకగానే ఆగిపోతుంది. లోపలి ట్రై వరుస ముందూ, బయటి ట్రై వరుస తర్వాతా ఉండేలా చూసే పూచీ కంపైలర్‌ది. యంత్రం దాన్ని సరిచూడదు. మీ కంపైలర్‌లో ఎవరైనా పట్టిక చిన్నది చేద్దామని వరుసలు కలిపేశారేమో, అటూ ఇటూ మార్చారేమో రేపు పొద్దున్నే అడుగు.

మొదలు అంకె లెక్కలోకి వస్తుంది, ముగింపు అంకె రాదు. వినడానికి ఇంతే. ఇలా ముగింపును బయట పెట్టడం చారిత్రకమైన పొరపాటని జేవీఎం స్పెసిఫికేషన్ తనే రాసుకుంది. మెథడ్ కోడ్ 65535 బైట్లుండి చివరి ఇన్‌స్ట్రక్షన్ ఒక్క బైటుదైతే దానికి కాపలా దొరకదనీ, కంపైలర్ రాసేవాళ్లు 65534 దగ్గరే ఆగితే మంచిదనీ అందులో ఉంది. ఆ లెక్క నువ్వే కాగితం మీద వేసి చూడు, సున్నా నుంచి ఎంచుతూ. నాకైతే ఆ హెచ్చరిక రాసినవాళ్లు కూడా ఒకటి అటో ఇటో జారారేమోనని ఎప్పటినుంచో అనుమానం. అంతటివాళ్లను అనుమానించొచ్చా అనుకోకు. అంకె ఎవరు చెప్పినా ఒకసారి చేత్తో వేసుకుని చూడడం ఈ పనిలో మర్యాద తప్పడం కాదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న, నేనెక్కడున్నాను అనేది. ఇది చాలా తేలికనిపిస్తుంది, కొంప ముంచేది మాత్రం ఇదే. ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ని పిలిచింది. పిలిచిన చోట యంత్రం దాచుకునేది తిరిగొచ్చాక ఎక్కడినుంచి నడవాలో ఆ చిరునామా. అంటే పిలుపు తర్వాతి ఇన్‌స్ట్రక్షన్. లోపలి ఫంక్షన్‌లో ఎక్సెప్షన్ లేచి పైకి వచ్చినప్పుడు ఆ చిరునామాతోనే పట్టిక వెతికావనుకో. పిలుపు ట్రై బ్లాకు మధ్యలో ఉంటే ఏ ఇబ్బందీ లేదు. పిలుపే ట్రైలో చివరి ఇన్‌స్ట్రక్షన్ అయితే, దాని తర్వాతి చిరునామా కాపలా బయట పడుతుంది. ముగింపు లెక్కలోకి రాదన్నాను కదా. హ్యాండ్లర్ అక్కడే ఉన్నా యంత్రానికి కనబడదు, ఎక్సెప్షన్ పైకెక్కి పోతుంది. నువ్వు కంగారుపడి ఏం జరుగుతోందో చూద్దామని ట్రై చివర ఒక ప్రింటు పెడతావు. అంతే, బగ్ మాయం. ప్రింటు తీస్తే మళ్లీ హాజరు. ఇలాంటిది ఎదురైతే దెయ్యమనుకుని భయపడకు. వెతికేముందు చిరునామాలోంచి ఒకటి తగ్గించారా లేదా చూడు. పైథాన్ యంత్రం కోడ్‌లో ఎక్సెప్షన్ విప్పే చోట సరిగ్గా ఈ 'ఒకటి తగ్గించు' అన్న వరుస ఉంటుంది. సీ ప్లస్ ప్లస్ కింద పనిచేసే అన్‌వైండర్లు కూడా అదే చేస్తాయి. ఆ తగ్గింపును రెండు చోట్ల చేసినా ప్రమాదమే. అప్పుడు ట్రై మొదటి ఇన్‌స్ట్రక్షన్ కాపలా నుంచి జారిపోతుంది.

జావా పట్టిక చదివేటప్పుడు ఇంకొకటి చూసి బెదిరిపోతావు, ముందే చెప్తున్నా. సింక్రనైజ్డ్ బ్లాకు ఉన్న చిన్న మెథడ్ ఒకటి రాసి, క్లాసు ఫైలును జావాపీతో విప్పి చూడు. పట్టికలో ఒక వరుస 4 నుంచి 14 దాకా, దెబ్బతింటే 17కి పో అంటుంది. దాని కింద ఇంకో వరుస 17 నుంచి 20 దాకా, దెబ్బతింటే 17కే పో అంటుంది. హ్యాండ్లర్ తనకు తనే కాపలా! అంకెలు నీ మెథడ్‌ని బట్టి మారతాయి గానీ ఆకారం ఇదే. కొత్తవాళ్లు ఇది చూసి కంపైలర్ బగ్ దొరికిందని ఎగిరి గంతేస్తారు. కాదు. తాళం విడిపించే ఆ రెండు మూడు ఇన్‌స్ట్రక్షన్ల మధ్యలో కూడా ఎక్సెప్షన్ వచ్చిపడితే తాళం పడిపోయి ఉండకూడదని, మళ్లీ విడిపించబోయేలా అలా పెట్టారు.

ఫైనల్లీ సంగతి కూడా గుర్తుపెట్టుకో. పాతరోజుల్లో జావా కంపైలర్ దాన్ని ఒకేచోట రాసి, అవసరమైనప్పుడల్లా అక్కడికి పోయి వచ్చే ఏర్పాటు చేసేది. ఆ ఇన్‌స్ట్రక్షన్లను 2011లో వచ్చిన జావా 7 క్లాసు ఫైళ్ల నుంచి నిషేధించారు. ఇప్పుడు ఫైనల్లీలో ఉన్నదాన్ని బయటికి పోయే ప్రతి దారిలోనూ విడివిడిగా అచ్చు వేస్తారు. సోర్సులో ఒక్క వరుస, బైట్‌కోడ్‌లో మూడు నాలుగు కాపీలు. మామూలుగా బయటికొచ్చే దారిలోని కాపీ బాగానే ఉండి, ఎక్సెప్షన్ దారిలోనిది మాత్రం చెడి ఉండొచ్చు. మీ కంపైలర్ కూడా అలాగే చేస్తుంటే, నువ్వు బ్రేక్‌పాయింట్ పెట్టింది ఏ కాపీ మీదో చూసుకున్నావా?

ఇక మూడో ప్రశ్న, సర్దడం. నీ క్రాష్ ఇక్కడే దాక్కుందని నా గట్టి నమ్మకం.

హ్యాండ్లర్‌లోకి దూకేముందు జావా యంత్రం ఆ ఫ్రేములో ఆపరాండ్ స్టాక్‌ని ఊడ్చేసి ఎక్సెప్షన్ ఒక్కదాన్నే పైన పెడుతుంది. పైథాన్ అలా ఊడ్చెయ్యదు. ఫర్ లూపు నడుస్తుంటే దాని ఇటరేటర్ స్టాక్ మీదే కూర్చుని ఉంటుంది, ఆ లూపు లోపల ట్రై ఉంటే ఇటరేటర్‌ని పారేయకూడదు. అందుకని ఎంతవరకు తీసెయ్యాలో రాసిపెట్టుకోవాలి. 3.10 దాకా పైథాన్ ఆ లెక్కను ట్రైలోకి వెళ్లిన ప్రతిసారీ ఒక బ్లాక్ స్టాక్ మీద పెట్టేది. 2022 అక్టోబరులో వచ్చిన 3.11 నుంచి అది కూడా పట్టిక దారి పట్టింది. వరుసలో మొదలు, పొడవు, దూకాల్సిన చోటుతోపాటు లోతు అని ఇంకో అంకె ఉంటుంది. స్టాక్‌ని ఆ లోతు దాకా దించు, దించేటప్పుడు ఒక్కో వస్తువు రిఫరెన్స్ లెక్కను ఒకటి తగ్గించు, తర్వాత ఎక్సెప్షన్ పెట్టి దూకు. పైథాన్‌లో డిస్ మాడ్యూల్‌తో ట్రై ఉన్న ఏ ఫంక్షన్ విప్పినా అడుగున ఈ పట్టిక కనబడుతుంది. లోతు అంకె చతురస్రపు బ్రాకెట్లలో ఉంటుంది. మీ యంత్రం కూడా ఈ పద్ధతిలోనే రాశారని చెప్పావు కాబట్టి ఒకసారి రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడు.

ఇప్పుడు ఆలోచించు. కూడిక ఇన్‌స్ట్రక్షన్ ఉంది. స్టాక్ మీద రెండు వస్తువులు తీసుకోవాలి, ఫలితం ఒకటి పెట్టాలి. రాసినవాడు రెండిటి లెక్కా తగ్గించేశాడు, తర్వాత కూడిక కుదరలేదని తెలిసింది, ఎర్రర్ లేబుల్‌కి దూకాడు. స్టాక్ పాయింటర్ మాత్రం ఇంకా కిందికి దించలేదు. ఎర్రర్ దారిలో అన్‌వైండర్ వచ్చి లోతు చూసింది, ఆ రెండూ ఇంకా స్టాక్ మీదే ఉన్నాయనుకుని మళ్లీ తగ్గించింది. ఇంకెవరో పట్టుకుని ఉన్న వస్తువు లెక్క సున్నాకి పడింది, దాని చోటు ఖాళీ అయింది, అందులోకి వేరే వస్తువు వచ్చి కూర్చుంది. ఎక్సెప్షన్ చక్కగా పట్టుబడింది, ప్రోగ్రాం ముందుకు సాగింది, అంతా క్షేమం. కాసేపటికి కలెక్టర్ ఆ పాత చిరునామా పట్టుకుని వెళ్లి తలుపు తట్టింది. అదీ నీ క్రాష్. పైథాన్ వాళ్లు 3.12 నాటి యంత్రంలో ఎర్రర్‌కి వేర్వేరు లేబుళ్లు పెట్టుకున్నారు: ఒకటి తీసేసి పో, రెండు తీసేసి పో, అలా నాలుగు దాకా. ఏ ఇన్‌స్ట్రక్షన్ ఎన్ని తినేసి దూకుతోందో రాసినవాడు నోరు తెరిచి చెప్పాల్సిందే.

దీన్ని పట్టడానికి క్రాష్ దగ్గర కూర్చుంటే లాభం లేదు. లైనక్స్ మీద ఆర్‌ఆర్ అనే డీబగ్గర్ ఉంది, మొజిల్లాలో పుట్టింది. ఒకసారి నడిచిన నడకను రికార్డు చేసి, వెనక్కి కూడా నడిపిస్తుంది. క్రాష్ దాకా పోనిచ్చి, పాడైన వస్తువు రిఫరెన్స్ లెక్క ఉన్న చోట వాచ్‌పాయింట్ పెట్టి, వెనక్కి నడిపించు. ఆ చోటును ఎవరెవరు తాకారో చివరినుంచి ఒక్కొక్కరే బయటపడతారు. అనవసరంగా తగ్గించిన చెయ్యి వాళ్లలోనే ఉంటుంది. అది దొరికాక ఆ ఒక్క ఇన్‌స్ట్రక్షన్ దిద్ది ఊరుకోవద్దు. ఒకడు ఒకచోట అలా రాశాడంటే ఇంకో అరడజను చోట్ల కాపీ కొట్టి ఉంటాడు. హ్యాండ్లర్‌లోకి దూకే చోట ఒక అసర్ట్ పెట్టు: స్టాక్ ఎత్తు ఎప్పుడూ పట్టికలోని లోతు కన్నా తక్కువ ఉండకూడదని. సీలో రాసిన ఫంక్షన్ తిరిగొచ్చే చోట ఇంకొకటి: విలువ ఇస్తే ఎక్సెప్షన్ మిగిలి ఉండకూడదు, విలువ ఇవ్వకపోతే ఎక్సెప్షన్ తప్పకుండా ఉండాలి. పైథాన్ 3.5 నుంచీ ఈ తనిఖీ పెట్టుకుని, తేడా వస్తే సిస్టమ్ ఎర్రర్ అని అక్కడికక్కడే గోలపెడుతుంది. తప్పు జరిగిన చోటే అరిచే యంత్రం మంచిది.

లాగుల గురించి. లాగ్‌లో చివర కనబడేది చూసి మోసపోకు, మొట్టమొదటిది పట్టుకో. హ్యాండ్లర్ నడుస్తుండగా ఇంకో ఎక్సెప్షన్ రావడం మామూలే. పైథాన్ 3 మొదటినుంచీ రెండిటినీ గొలుసుకట్టి చూపిస్తుంది. జావా 7 నుంచి అణిగిపోయిన ఎక్సెప్షన్లను దాచిపెట్టే ఏర్పాటుంది. కానీ ఫైనల్లీలో రిటర్న్ రాసే మహానుభావులుంటారు, వాళ్ల చేతిలో అసలు ఎక్సెప్షన్ చడీచప్పుడూ లేకుండా పోతుంది. పైథాన్ 3.14 ఆ పని చేస్తే హెచ్చరిస్తోంది, ఇన్నేళ్లకు. మీ భాషలో ఏం చెయ్యాలో మీ లీడ్‌ని అడుగు. నన్నడిగితే కంపైలర్ ఒప్పుకోకూడదంటాను.

జావా సర్వర్ల లాగుల్లో స్టాక్ ట్రేస్ లేని మొండి నల్ పాయింటర్ ఎక్సెప్షన్ కనబడితే అక్కడ కూర్చుని జుట్టు పీక్కోకు. ఒకే చోట అదే ఎక్సెప్షన్ పదే పదే వస్తుంటే హాట్‌స్పాట్ యంత్రం వేగం కోసం ముందే తయారుచేసి పెట్టుకున్న, ట్రేస్ లేని ఎక్సెప్షన్‌ని విసరడం మొదలుపెడుతుంది. పాత లాగ్ తవ్వితే మొదట్లో వచ్చినవి నిండు ట్రేస్‌తో దొరుకుతాయి. ఆ పొదుపును ఆపే ఫ్లాగ్ కూడా ఉంది. అలాగే జీడీబీని జావా ప్రాసెస్‌కి తగిలించగానే సిగ్‌సెగ్‌వీ అని ఆగుతుంటే క్రాష్ దొరికిందని సంబరపడకు. ఆ యంత్రం నల్ తనిఖీలను చాలాచోట్ల మానేసి, పేజీ ఫాల్ట్ వస్తే దాన్నే నల్ పాయింటర్ ఎక్సెప్షన్‌గా మార్చుకుంటుంది. ఆ సిగ్నల్‌ని ఆపకుండా పోనిమ్మని జీడీబీకి చెప్పి నీ పని చూసుకో. మెమరీ చాలలేదని చెప్పే ఎక్సెప్షన్‌ని తయారుచెయ్యడానికే మెమరీ లేకపోతే? హాట్‌స్పాట్ వాటిని కొన్నిటిని ముందే చేసి దాచుకుంటుంది. మీవాళ్లు దాచుకున్నారా?

పల్నాటి చెరువు అలుగు చూశావుగా. ఏళ్లతరబడి నీళ్లు పారకపోయేసరికి జనం అందులో కంపచెట్లు పెరగనిస్తారు, మట్టి పోస్తారు, ఒక్కోచోట గోడే కట్టేస్తారు. పెద్దవాన పడ్డ రాత్రి గాని ఎవరికీ గుర్తురాదు. ప్రోగ్రాముల్లో ఎర్రర్ దారి అంతే. ఇది ముసలాడి చాదస్తం అనుకుంటావేమో, టొరంటో విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో లెక్కతీసి చెప్పారు. కసాండ్రా, హెచ్‌బేస్, హెచ్‌డీఎఫ్‌ఎస్, మ్యాప్‌రెడ్యూస్, రెడిస్‌లలో జరిగిన 198 వైఫల్యాలను చదివారు. మొత్తం వ్యవస్థనే పడగొట్టిన వాటిలో 92 శాతం, ప్రాణం తీయనక్కర్లేని ఎర్రర్‌ని ఎవరో సరిగా చూసుకోకపోవడం వల్ల వచ్చినవే. యంత్రం ముందే చెప్పింది, హ్యాండ్లర్ తప్పు చేసింది. కొన్నిట్లో హ్యాండ్లర్ ఖాళీ, కొన్నిట్లో తర్వాత రాద్దాంలే అన్న కామెంటు!

అందుకని నీకు ఒక పని ఒప్పజెబుతున్నా. ఎస్‌క్యూలైట్ వాళ్ల పద్ధతి చూసి నేర్చుకో. దాని లోపల కూడా ఒక బైట్‌కోడ్ యంత్రమే ఉంది. వాళ్లు టెస్టు నడిపేటప్పుడు మొదటి మెమరీ కేటాయింపు విఫలమయ్యేలా చేస్తారు. ఏమీ కూలకపోతే మళ్లీ మొదలుపెట్టి రెండోది విఫలం చేస్తారు. తర్వాత మూడోది. వైఫల్యం లేకుండా టెస్టు చివరిదాకా పోయే వరకూ ఆ లూపు ఆపరు. నువ్వూ మీ యంత్రానికి అలాంటి మీట ఒకటి పెట్టు: ఎన్నో ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఎక్సెప్షన్ రావాలో అంకె ఇస్తే అక్కడే వచ్చేలా. ఉన్న టెస్టులన్నిటినీ దానితో తిప్పు. రాత్రి వదిలేసి పడుకో. పొద్దున్నే వచ్చి ఎన్ని కూలాయో చూడు. మొదటిరోజు కూలినవి చూసి ఏడుపొస్తుంది, అది మామూలే. ఏడవకుండా టీ తాగి, వాటిని పోగుపెట్టు. ఎక్కువ భాగం ఒకటి రెండు మూలాల నుంచే వచ్చి ఉంటాయి.

మనుషుల సంగతి కూడా రెండు ముక్కలు. కలెక్టర్ టీమ్‌తో గొడవ పెట్టుకోకు. రేపు ఇలాంటిదే వాళ్ల వైపు నుంచి వచ్చినప్పుడు నీ దగ్గరికే వస్తారు. బగ్ రిపోర్టులో "కొన్నిసార్లు క్రాష్ అవుతోంది" అని రాయకు, కవి జాషువా పుట్టిన వినుకొండ పిల్లవి, మాట సూటిగా ఉండాలి. ఏ బిల్డు, ఏ ఇన్‌స్ట్రక్షన్, పట్టికలో ఏ వరుస, లోతు ఎంత ఉండాలి, ఎంత ఉంది. అంత పొట్టిగా రాస్తే చాలు. సీనియర్ ఎవరైనా దానికి ట్రై చుట్టేసి మింగెయ్యమని సలహా ఇస్తే, గౌరవంగానే, వద్దండీ అను. ఎదురు చెప్పినట్టవుతుందని మొహమాటపడకు, మీ అమ్మ దగ్గర నేర్చుకున్న నోరే కదా.

రాత్రి రెండింటికి పట్టిక చదివితే అంకెలు నీకు నచ్చినట్టే కనబడతాయి. పదింటికల్లా పడుకో. తొలి ఏకాదశి తిరునాళ్లకు సెలవు దొరికితే రా. కొండెక్కుతూ మాట్లాడుకుందాం, నేను సగం దాకే వస్తాను, మోకాళ్లు ఒప్పుకోవు. ఈలోపు ఎక్సెప్షన్ టేబుల్ డంపూ, కూలిన ఇన్‌స్ట్రక్షన్‌కి ముందు వెనకల బైట్‌కోడూ నాకు మెయిల్ చెయ్యి. స్క్రీన్‌షాట్ పంపకు, వాటిలో వెతకడం నా వల్ల కాదు, టెక్స్ట్‌గా పంపు. డీబగ్ బిల్డుదే పంపాలి సుమా, రిలీజ్ బిల్డుది పంపితే తిప్పి పంపిస్తాను.